మూటన్నం

జేజు దీవికి వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి చీరాలలో కనిపించినవాళ్లంతా నన్ను ఒకటే అడుగుతున్నారు, అక్కడ ఏం తినాలి, ఎక్కడ తినాలి అని. కొండెక్కావా, సముద్రం ఎలా ఉంది అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. జిల్లాలు ఎన్నిసార్లు విడగొట్టి ఎన్ని పేర్లు పెట్టినా మా వైపు మనుషులింతే, కైలాసానికి పోయొచ్చామన్నా ముందు భోజనం ఎలా ఉందో చెప్పమంటారు. నేనూ బళ్లో పిల్లలకి తెలుగు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి అడిగిందానికి జవాబు చెప్పకుండా ఉండలేను. ఊళ్లో అయితే పాత మార్కెట్లో తినండి అంటాను. ఒడ్డున అయితే సముద్రంలో మునిగి నత్తలూ నాచూ ఏరుకొచ్చే ఆడవాళ్లు నడిపే హోటళ్లలో తినండి అంటాను. ఓపిక ఉంటే మాత్రం బస్సెక్కి కొండ కింది పల్లెల్లోకి పోయి, ఒక అవ్వ ఇంట్లో పెట్టే కొర్ర ఉండలు తినండి అంటాను. ఇక్కడికి వచ్చేసరికి వాళ్ల మొహాలు మారిపోతాయి. ‘కొర్రలు తినడానికి కొరియా దాకా పోవాలా?’ అంటారు. దానికి జవాబు రోడ్డు మీద నిలబడి చెప్పేది కాదు. పర్చూరు దగ్గర పల్లెలో మా పాత ఇంటి వంటగది దాకా పోయి రావాలి.

నన్ను జేజు తీసుకెళ్లింది మా అత్త. అత్తంటే మా నాన్న చెల్లెలు కోటేశ్వరమ్మ. డెబ్బై దాటినా పొలం గట్టు మీద నడిచినట్టే విమానాశ్రయంలోనూ విసవిసా నడిచే మనిషి, గొంతు కూడా పొలం గొంతే. ఆమె కూతురి కూతురు హారిక సియోల్‌లో ఉద్యోగం చేస్తోంది. ‘ఒకసారి వచ్చిపో అమ్మమ్మా’ అని అది పిలిస్తే, ‘తోడుకి మా అన్న కూతుర్ని తెచ్చుకుంటాలే, అది ఖాళీగానే ఉంది’ అని అత్త నా తరఫున తనే ఒప్పేసుకుంది. నిజానికి నేనేం ఖాళీగా లేను. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది, తుంటి విరిగిన తర్వాత ఎక్కువగా మంచం మీదే. ఆమెను మా తమ్ముడి భార్యకి అప్పజెప్పి బయల్దేరాను. ప్రయాణం ముందురోజు అత్త మా ఇంటికి వచ్చి అమ్మ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది, కాఫీ తాగింది, వదినా వదినా అంటూ ఊళ్లో కబుర్లన్నీ చెప్పింది. అన్నం వడ్డిస్తానంటే మాత్రం ‘ఇప్పుడే తినొచ్చా’ అంది. ఎప్పుడూ అంతే. పెళ్లై అత్తారింటికి వెళ్లిపోయాక అత్త మా అమ్మ ఇంట్లో అన్నం ముద్ద నోట పెట్టగా నేను చూడలేదు. అమ్మ మొదట్లో దాన్ని గర్వం అనుకునేది, ఇప్పుడు షుగరు పథ్యం అనుకుంటోంది. అసలు కారణం అత్త నాకొక్కదానికే చెప్పింది, అదీ ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని. తన కన్నతల్లికి తనకంటే కోడలే ఎక్కువని అత్త నమ్మకం. ఆ నమ్మకం ఆమెను చిన్నప్పటి నుంచీ లోపల్లోపల తింటూనే ఉంది. నాయనమ్మ పోయిననాడు అందరూ ఏడ్చారు, అత్త ఏడవలేదు.

జేజులో దిగిన రోజు నుంచే హారిక ఫోన్లో చూసి ఏది ఎక్కడ తినాలో చెప్పడం మొదలుపెట్టింది. మొదటిది నల్లపంది మాంసం, నిప్పుల మీద కాల్చి పెడతారు, దీవి మొత్తానికి అదే పెద్ద పేరు అంది. అత్త ఆ వీధిలోకి అడుగుపెట్టి, వాసన చూసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ‘పందిని తినడానికి విమానమెక్కామంటే ఊళ్లో నా పరువేం కావాలే’ అని వెనక్కి తిరిగింది. పాత మార్కెట్లో మాత్రం మధ్యాహ్నమంతా తిరిగాం. నెత్తిన బొడిపె ఉన్న పెద్ద కమలాకాయలు అక్కడ గుట్టలుగా పోసి అమ్ముతారు. అత్త ఒకటి ఒలిచి తొనలు నోట్లో వేసుకుని, గింజ ఒక్కటీ లేదని ఆశ్చర్యపోయింది. ఒక కొట్లో పొడుగాటి వెండిరంగు చేప, మా చీరాల ఒడ్డునా పడేదే, ముల్లంగి ముక్కలేసి ఎర్రగా పులుసు కాచి పెట్టారు. అత్త ముల్లు కూడా వదలకుండా తింది. ‘చూపులకి ఇంత ఎర్రగా ఉందా, నోట్లో పెడితే ఏమీ అనదే. మిరపకాయకి కూడా మర్యాద నేర్పారే వీళ్లు’ అంది. నేను నవ్వాపుకోవడానికి గబగబా నీళ్లు తాగాను.

మర్నాడు ఒడ్డున, సముద్రంలో మునిగే ఆడవాళ్ల హోటల్‌కి వెళ్లాం. అక్కడ అత్త కంటే పెద్దవాళ్లు కూడా నల్ల రబ్బరు బట్టలు తొడుక్కుని నీళ్లలోకి దూకుతున్నారు. పైకి తేలినప్పుడు ఈల వేసినట్టు ఊపిరి వదులుతారు. అత్త తిండి సంగతి మర్చిపోయి గట్టు మీద కూర్చుని వాళ్లనే చూసింది. ‘నాకు మెట్లెక్కితే ఆయాసం, ఆవిడ చూడు ఎట్టా మునుగుతందో’ అంది. మాకు పెద్ద సముద్రపు నత్తలు కోసి వేసిన బియ్యపు జావ తెచ్చిపెట్టారు, ఆకుపసరు రంగులో ఉంది. నాకు నచ్చింది. అత్త ఒక చెంచా నోట్లో పెట్టుకుని, సంచీలోంచి చింతకాయ పచ్చడి సీసా తీసింది. వడ్డించిన ఆవిడ అదేమిటో రుచి చూస్తానని వేలితో అంటుకుని నాకింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా ఇంకాస్త పెట్టమని అరచెయ్యి చాపింది. ఆ దెబ్బతో అత్తకి ఆ దీవి మీద ప్రేమ పుట్టింది. ‘ఇక్కడ నా ఈడు వాళ్లు పల్లెల్లో ఏం తింటారో అది చూపించవే’ అని హారికని అడిగింది. హారిక తనతో పనిచేసే ఒకమ్మాయికి ఫోన్ చేసింది. ఆ అమ్మాయిది ఈ దీవే. కొండ కింద పల్లెలో ఒక అవ్వ పేరు చెప్పింది.

బస్సు దిగి నడుస్తుంటే దారికి రెండు వైపులా మోకాలెత్తు నల్లరాళ్ల గోడలు, గోడల లోపల చిన్న చిన్న చేలు. సున్నం లేదు, మట్టి లేదు, ఉత్త రాళ్లు పేర్చుకుంటూ పోయారు. అత్త ఒక చోట వంగి పిడికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపింది. నల్లగా ఉంది కానీ మా నేల జిగురు లేదు. ఇక్కడ ఎంత వాన పడ్డా నీళ్లు నిలవవనీ, కిందకి ఇంకిపోతాయనీ, అందుకే పూర్వం వరి పండేది కాదనీ హారిక చెప్పింది. ‘మరేం తినేవాళ్లంట?’ అంది అత్త. ‘కొర్రలు, బార్లీ’ అంది హారిక. అత్త ఆగిపోయింది. మట్టి దులుపుకుని నా వంక చూసింది. నాకు ఆ నడకలోనే మా వంటగది మొత్తం కళ్ల ముందుకు వచ్చేసింది.

మాదీ మెట్టే. కాలవ రాకముందు మా నల్లరేగట్లో మిరప, పత్తి, పొగాకు అమ్ముకోవడానికి పండేవి, జొన్న, కొర్ర, సజ్జ తినడానికి పండేవి. వరన్నం పండక్కీ, జ్వరం తగ్గినవాళ్ల పథ్యానికీ, చుట్టాలొచ్చిన పూటకీ. తెల్లారకముందే అత్త రోకలి దెబ్బ మొదలయ్యేది, నేను ఆ చప్పుడుకే లేచేదాన్ని. దంచిన కొర్రలు చేటలో వేసి చెరుగుతుంటే సన్నటి పొట్టు ఎగిరి అత్త కనుబొమ్మల మీదా జడ మీదా పసుపు చల్లినట్టు పడేది. పొయ్యిలోకి పత్తికంప. అది భగ్గున మండి ఇట్టే ఆరిపోతుంది కాబట్టి పొయ్యి దగ్గర ఒక మనిషి కూర్చునే ఉండాలి, ఆ మనిషీ అత్తే. నాయనమ్మ ముక్కుపొడుం పీల్చుకుని, తూముకాడికి పోయి చెయ్యి కడుక్కుని వచ్చి ఎసట్లో కొర్రలు పోసేది. కుండ మీద పొంగు వచ్చినప్పుడు లేచే ఆ వాసన, కొంచెం గడ్డి, కొంచెం వేయించిన గింజ, ఇప్పటికీ నాకు ఆకలి పుట్టించే వాసన అదే. దాంట్లోకి పండుమిరపకాయ పచ్చడో, గోంగూరో, ఆ తర్వాత గేదె పెరుగు గడ్డగా. గంజి ఉప్పేసి పిల్లలకి విడిగా ఇచ్చేవాళ్లు.

కొర్రలు సగం ఉడికే వేళకి నాయనమ్మ ఇంకో పని చేసేది. ఉట్టి మీద డబ్బాలోంచి పిడికెడు బియ్యం తీసి కడిగి, తాతయ్య పాత పంచె చింపిన గుడ్డలో వదులుగా మూటకట్టి, ఆ కుండలోకే దించేది. మూట కొస కుండ అంచు బయటికి ఉండేది. గంజి వార్చే ముందు కొస పట్టి పైకి లాగి, నీళ్లు కారనిచ్చి, మూట విప్పి మా అమ్మ కంచంలో బోర్లించేది. గుడ్డ ముడతలు ఆ అన్నం ముద్ద మీద అచ్చుపడేవి. దాన్ని మా ఇంట్లో మూటన్నం అనేవాళ్లం. ఆ మాట నేను ఇంకే ఇంట్లోనూ వినలేదు. అమ్మ తింటున్నంతసేపూ నాయనమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది, మజ్జిగ పోసేదాకా లేచేది కాదు. మిగిలిన మా అందరికీ కొర్రన్నం, నాన్నకీ అదే, తాతయ్యకీ అదే. ఏ ఇంట్లో అయినా మంచిదేదన్నా ఉంటే మగవాళ్ల కంచంలో పడుతుంది, మా ఇంట్లో కోడలి కంచంలో పడేది. ఊళ్లో అమ్మలక్కలు దీన్ని వింతగా చెప్పుకునేవాళ్లు. ‘మా అత్త చచ్చి నీ అత్త కడుపున పుట్టినా బాగుండు’ అని ఎదురింటావిడ అమ్మతో అనేది.

అమ్మది తెనాలి అవతల కాలవ కింద ఊరు. వాళ్లింట్లో మూడు పూటలా తెల్లన్నమే. నాన్న ఒడ్డూ పొడుగూ, మాకున్న భూమీ చూసి అమ్మ వాళ్ల నాన్న సంబంధానికి వచ్చాడు గానీ, మెట్టకి పిల్లనిస్తే జొన్నన్నం తినలేక చిక్కిపోతుందని ఆయన భయం. పెళ్లిచూపులనాడు నాయనమ్మ జొన్న గాదె మీద తడికలు కప్పించి, ఊరంతా తిరిగి బియ్యం చేబదులు తెచ్చి, వచ్చినవాళ్లకి గుమ్మడికాయ పులుసుతో వరన్నం కమ్మగా పెట్టింది. అప్పటికి అత్త పాలపళ్లు ఊడే పిల్ల. కాపరానికొచ్చాక అమ్మకి విషయం తెలిసిపోయింది. ఈ కథ మా ఇంట్లో నవ్వుకోవడానికే చెప్పుకునేవాళ్లు. తాతయ్య అయితే తడికలు కప్పడం అభినయించి మరీ చెప్పేవాడు. ఆడిన అబద్ధానికి నాయనమ్మ మూటన్నంతో పరిహారం కట్టుకుంటోందని అందరూ అనుకునేవాళ్లం. అమ్మ తిరిగి పుట్టింటికి పోకుండా నిలబడింది ఆ పిడికెడు మెతుకుల వల్లేనని నేనూ చాలాకాలం నమ్మాను.

కానీ దంచింది అత్త, చెరిగింది అత్త, పొయ్యి ముందు కళ్లు మండించుకుంది అత్త. ఒకరోజు నేను గడప మీద కూర్చుని గంజి తాగుతున్నాను. వంటగదిలో ఎవరూ లేరనుకుని అత్త మూట పైకి తీసి, ముడి విప్పి, వేళ్లతో కాస్త మెతుకు తీసుకుంది. అప్పటికి ఓణీలు వేసుకుంటోంది, పెళ్లీడు దగ్గరపడ్డ పిల్ల. ఇంకా నోటి దాకా పోలేదు, నాయనమ్మ వచ్చి మణికట్టు పట్టుకుంది. కొట్టలేదు, తిట్టలేదు. ‘అది మీ వదినదే. ముట్టుకోబాక’ అని, ఆ మెతుకులు ఆమె వేళ్ల నుంచి తీసి మళ్లీ గుడ్డలో వేసింది. అత్త లేచి పెరట్లోకి పోయి రోలు ముందు కూర్చుంది. దంచడానికి ఏమీ లేదు, ఉత్త రోట్లో రోకలి వేసి కొట్టింది. ఆ చప్పుడు నేను మర్చిపోలేదు. ‘కొట్టినా బాగుండేది అమ్మాయ్, నీది కాదని చెప్పుద్దా కన్నకూతురికి?’ అని చాలా ఏళ్ల తర్వాత నా దగ్గర అంది.

ఆ తర్వాత మాకూ సాగర్ కాలవ వచ్చింది. రెండు పంటలు తిరిగేసరికి కొర్ర కుండ అటకెక్కింది, రోలు పెరట్లో కోళ్లు నీళ్లు తాగే తొట్టయింది. ఊరు ఊరంతా తెల్లన్నం తినడం మొదలుపెట్టింది. కొర్రన్నం తిన్న రోజుల గురించి మాట్లాడ్డం నామోషీ అయింది. ఇప్పుడు చూడండి, అవే కొర్రలు అద్దాల కొట్లలో మెరిసే పొట్లాల్లో, మీద పచ్చని ఆకు బొమ్మతో కూర్చున్నాయి. పెళ్లిళ్లలో వాటికి వేరే బల్ల వేసి, తలపాగా చుట్టిన కుర్రాణ్ణి నిలబెడుతున్నారు. అత్తకి షుగరు వచ్చినప్పుడు గుంటూరులో డాక్టరు వరన్నం మానేసి కొర్రలు తినమన్నాడు. బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి, ‘మా అమ్మే ఈ డాక్టరు రూపంలో వచ్చిందే. నా మొహాన కొర్రలే రాసిపెట్టింది’ అని నవ్వింది. అప్పుడు లేక తిన్నాం, ఇప్పుడు ఉండి తింటున్నాం, రుచి మాత్రం అప్పటిదే బాగుండేదని మా ఈడు వాళ్లం అంటూ ఉంటాం. నిజమే అయ్యుండొచ్చు, కానీ ఆ రుచి కోసం దంచిన చేతులు ఎవరివో మనం అంత తొందరగా గుర్తు చేసుకోం.

అవ్వ ఇల్లు రాళ్ల గోడ మధ్యలోంచి లోపలికి పోతే ఉంది. ఒకే వాకిట్లో ఎదురెదురుగా రెండు ఇళ్లు. ఒకదాంట్లో నాలుగు బల్లలు వేసి భోజనం పెడుతోంది. గడప దాటకముందే ఆ వాసన వచ్చింది. నేను అత్త చెయ్యి పట్టుకున్నాను. ‘వస్తంది, వస్తంది, నాకూ వస్తంది’ అంది అత్త. అవ్వ ముందు సన్నటి అట్లు తెచ్చింది, లోపల ఉడికించిన ముల్లంగి తురుము పెట్టి చాపలా చుట్టింది. తర్వాత కొర్రపిండి కలిపి మధ్యలో చిల్లు పెట్టి ఉడికించిన ఉండలు, పైన ఎర్ర అలసందల్లాంటి పప్పు పొడి. వాటిని ఒమెగితోక్ అంటారట. ఆ వెనక ఒక పెద్ద ఇత్తడి గిన్నె నిండా కొర్రలూ బార్లీ కలిపి వండిన అన్నం తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. ముగ్గురికీ అదొక్కటే గిన్నె, తలా ఒక చెంచా. పూర్వం ఇంటిల్లిపాదీ అలా ఒకే గిన్నెలో తినేవాళ్లట. అత్త చెంచా పక్కన పెట్టి చేత్తో ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ‘మనవేనే. మన కొర్రలే’ అంది.

అత్త సంగతి మీకు తెలుసుగా, భాష రాకపోతే గొంతు పెంచుతుంది. ‘ఒకే వాకిట్లో రెండు ఇళ్లేంది?’ అని అవ్వని తెలుగులోనే గట్టిగా అడిగింది. హారిక కొరియన్‌లో చెప్పింది. ఇటు ఇంట్లో అత్తమామలు, అటు ఇంట్లో కొడుకూ కోడలూ, ఎవరి పొయ్యి వాళ్లది, ఎవరి కుండ వాళ్లది, ఇక్కడ పూర్వం నుంచీ అదే పద్ధతి అంది అవ్వ. ‘ఎంత సుఖం! ఎవరేం తిన్నారో ఎవరికీ తెలవదు’ అంది అత్త. వరి లేని ఊళ్లో తెల్లన్నం ఎప్పుడు తినేవాళ్లని నేను అడిగాను. అవ్వ మొహం వెలిగింది. పెద్దల తద్దినం నాడే తినేవాళ్లం, దాన్ని కొన్‌బాప్ అనేవాళ్లం అంది. అంటే అందమైన అన్నం. ఆ రోజు ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని వాటాలు వేసేవాళ్లట. పెద్దవాళ్లకి ఎక్కువా లేదు, చిన్నవాళ్లకి తక్కువా లేదు. కార్యం అయ్యేసరికి చీకటిపడి పిల్లలు నిద్రపోతే వాళ్ల వాటా కూడా తీసి మూతపెట్టి ఉంచేవాళ్లట.

‘నిద్రపోయే పిల్లక్కూడానా?’ అంది అత్త.

హారిక అడిగింది. ‘అవునంట అమ్మమ్మా. పొద్దున్నే లేచి చూసుకుంటే తలగడ దగ్గర ఉండేదంట.’

అత్త గిన్నెలో చెయ్యి అలాగే పెట్టి కూర్చుంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఎంగిలి. ‘మెలకువగా ఉన్న పిల్లకే పెట్టలేదే మా అమ్మ’ అంది. ఇన్నేళ్లు నాకొక్కదానికే చెప్పిన సంగతంతా, పరాయి దేశంలో, మనవరాలి ముందు, భాష తెలియని అవ్వ ముందు కక్కేసింది. దంచడం, మూట, మణికట్టు, అన్నీ. హారిక బిత్తరపోయి వింది. ఈ కాలం పిల్లలకి మనలాగా దాచుకోవడం తెలియదు. ‘మరి చీరాల అమ్మమ్మని ఎప్పుడన్నా అడిగావా?’ అంది, మా అమ్మని ఉద్దేశించి. ‘అడిగి ఏం చేసేది?’ అంది అత్త. ‘అడగకుండా నువ్వెలా అనుకుంటావు?’ అంటూనే అది మా ఇంటికి వీడియో కాల్ కలిపేసింది. నేను వద్దనేలోపే ఫోన్లో మా ఫ్యానూ, దాని కింద అమ్మ నుదురూ కనిపించాయి. అక్కడ ఇంకా టిఫిన్ వేళ.

‘ఏం తింటన్నారే?’ అంది అమ్మ. మొదటి మాట అదే.

‘కొర్రన్నం వదినా’ అంది అత్త, ముక్కు ఎగబీల్చుకుని. ‘ఇంత దూరమొచ్చి కొర్రన్నం తింటన్నా.’

‘అదృష్టవంతురాలివి. నాకు ఎవరు పెట్టారే కొర్రన్నం?’

అత్త మొహం ఎర్రబడింది. ‘నీకేం ఖర్మ? నీకు మూటన్నం ఉండేదిగా!’

‘ఎవరిక్కావాలే ఆ మూటన్నం!’ అంది అమ్మ. ఎనభై దాటిన గొంతు, అయినా ఒక్కసారిగా గట్టిగా వచ్చింది. ‘పంచె గుడ్డ వాసన కొట్టేది. ముద్దముద్దగా పిండయ్యేది. మీరంతా గడ్డపెరుగేసుకుని కొర్రన్నం జుర్రుకుంటంటే నాకు నోరూరేది. ఏం చెయ్యను? మీ అమ్మ ఎదురుగా పీటేసుకుని కూర్చుంటే! ఎదురింటి వాళ్లు పిలిచినప్పుడు పోయి చాటుగా తినొచ్చేదాన్ని.’

నేనూ హారికా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు నవ్వొచ్చింది కానీ అత్త నవ్వలేదు.

‘మరి వద్దనకపోయావా మా అమ్మతో?’

‘అనకేం? వచ్చిన కొత్తల్లోనే అన్నా. అత్తయ్యా, అందరితోపాటు నేనూ అదే తింటా, ఈ మూటెందుకు అని. అప్పుడే చెప్పింది.’

‘ఏం చెప్పింది?’

‘నీకు తెలవదా ఏంది?’ అంది అమ్మ. ‘నీకు తెలుసనుకున్నానే ఇన్నాళ్లూ! పెళ్లిచూపులనాడు మా నాన్న నిన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, మీ ఇంట్లో ఏం తింటారమ్మా అని అడిగాడుగా. “రోజూ వరన్నమేనండీ” అన్నావంట. అట్టా చెప్పమని మీ అమ్మే నేర్పిందంట. పెద్దోళ్లు అబద్ధమాడతారు గాని పసిపిల్లలు ఆడరని, మా నాన్న నీ మాట మీదే సంబంధం ఖాయం చేసుకున్నాడు.’

అమ్మకి ఇదంతా పాత కబురే, తీరిగ్గా చెప్పుకుంటూ పోయింది.

‘మీ అమ్మ ఏమందో తెలుసా? “అమ్మాయ్, నేనాడిన అబద్ధమైతే ఆ పాపం నేను పడేదాన్ని. దాని చేత ఆడించాను. ఆడపిల్ల, రేపు ఒకింటికి పోవాల్సింది. దాని నోటి మాట అబద్ధం కాకూడదు. నువ్వీ ఇంట్లో ఉన్నన్నాళ్లు రోజూ వరన్నం తినాల్సిందే” అంది. నీ పెళ్లయి నువ్వు ఎల్లిపోయాక కూడా మానలేదు, కాలవ నీళ్లొచ్చిందాకా. నీ కోసమే తిన్నానే నేను ఆ పిండిముద్ద.’

అత్త చెయ్యి కడుక్కోలేదు, కొంగు మొహాన కప్పుకుంది. నాయనమ్మ పోయినప్పుడు రాని ఏడుపు, పేరు తెలియని ఆ పల్లెలో, బల్ల మీదకి ఒరిగిపోయి ఏడ్చింది. అవ్వ కంగారుపడి పరిగెత్తుకొచ్చింది. ‘వాళ్లమ్మ గుర్తొచ్చింది’ అని హారిక కొరియన్‌లో చెప్పినట్టుంది, అవ్వ ఇంకేమీ అడక్కుండా అత్త వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. నాకూ దుఃఖం ఆగలేదు. రోట్లో రోకలి వేసి కొట్టిన ఆ పిల్ల దగ్గరికి పోయి అప్పుడే ఎవరైనా ఈ ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. ఎవరూ చెప్పలేదు. నాయనమ్మకి చెప్పడం తెలియదు, అమ్మకి చెప్పాలని తెలియదు.

‘నాకు గుర్తు లేదే’ అంది అత్త చివరికి, నా వంక చూసి. ‘ఆ మాట నేనన్నట్టే నాకు గుర్తు లేదు.’

‘ఏందే, పలకరు? ఫోను పోయిందా?’ అంటోంది అమ్మ.

అత్త మొహం తుడుచుకుని ఫోను దగ్గరికి జరిగింది. ‘వదినా, రాగానే మీ ఇంటికొచ్చి అన్నం తింటా.’

‘రావే. నీకు షుగరుగా, కొర్రలు వండిస్తాలే.’

‘వద్దు వదినా’ అంది అత్త. ‘వరన్నం పెట్టించు.’